జయశ్రీ వేసిన వసారా

ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో ఏ అద్దె ఇంటికి వెళ్లినా గోడకి మేకు కొట్టకూడదన్న షరతు తప్పకుండా ఉంటుంది. జయశ్రీ ఆ షరతును ఏళ్ల తరబడి పాటిస్తూ వచ్చింది, పాటించిన ప్రతిసారీ లోలోపల ఉడికిపోతూ వచ్చింది. ఆమెవి ఊరికే కూర్చునే చేతులు కావు. కుళాయి కారితే ఇంటి ఓనరుకి కబురు పెట్టి ఎదురు చూడటం ఆమె వల్ల కాదు. స్పానర్ పట్టుకుని సింకు కింద దూరుతుంది. వంటింట్లో ప్రెస్ తలుపు వాలిపోతే స్క్రూలు విప్పి, ఆ రంధ్రాల్లో అగ్గిపుల్ల ముక్కలు దూర్చి మళ్లీ బిగిస్తుంది. అల్మరాని ప్రెస్ అనే దేశంలో ఇన్నేళ్లుండి ఇప్పుడు ఆమె కూడా ప్రెస్ అనే అంటుంది. ఊళ్లో యూనివర్సిటీకి వచ్చిన తెలుగు పిల్లలకి సైకిల్ చైను తెగినా, గదిలో హీటర్ వేడెక్కకపోయినా ముందు గుర్తొచ్చేది జయశ్రీ ఆంటీయే.

ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వారమంతా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతుంది. భర్త రఘువీర్‌దీ అదే రంగం. కాకపోతే ఇంట్లో బల్బు మార్చాలన్నా ముందు యూట్యూబ్‌లో వీడియో చూడందే స్టూలు ఎక్కడు. కూతురు నిఖిలకి పదిహేనేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అక్కడి కిల్డేర్ జిల్లా యాసతో ఇంగ్లిషులో వస్తుంది.

ఆ ఏడు వేసవి మొదలవకముందే ఇంటి ఓనరు ఇల్లు అమ్ముకుంటున్నానని చెప్పాడు. మళ్లీ సామాన్లు సర్దడం, మళ్లీ ఇళ్ల వేట. ఎలాగో కొత్త ఇల్లు దొరికింది గానీ పాతదానికన్నా చిన్నది. సరిగ్గా ఆ హడావుడిలోనే జయశ్రీ ఒక పాత కారవాన్ కొన్నది. కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. లోపల ఒక మంచం, ఒక గ్యాస్ పొయ్యి, ఒక మడత బల్ల, పైన చిన్న పిల్లల కోసం సన్నటి పడక. అంతే.

"ఇల్లు దొరక్క మనం అల్లాడుతుంటే ఇదెందుకు జయా?" అన్నాడు రఘువీర్.

"ఇల్లు కొనేదాకా మనదంటూ ఒక గోడన్నా ఉండొద్దా?" అన్నది జయశ్రీ.

ఊరి బయట ఒక రైతు దొడ్లో దాన్ని నిలబెట్టుకునే ఏర్పాటు చేసింది. తెచ్చిన మొదటి శనివారమే లోపల తలుపు పక్కన ఒక మేకు కొట్టింది. దానికి తగిలించడానికి చేతిలో ఏమీ లేదు. అయినా కొట్టింది.

చిక్కంతా నిఖిల పడుకునే చోటు దగ్గర వచ్చింది. విక్లో కొండల వైపు ఒకసారి వెళ్లొచ్చాక, ఇక తను రానని ఆ పిల్ల తేల్చి చెప్పేసింది. పై పడక మీద కాళ్లు చాపుకుంటే మడమలు గాల్లో వేలాడుతున్నాయి. కింద నాన్న గురక. బట్టలు మార్చుకోవాలంటే అమ్మానాన్నలిద్దరూ వానలో బయట నిలబడాలి. "ఐయామ్ నాట్ ఎయిట్, అమ్మా" అన్నది, కోపంగా కాదు, నచ్చజెబుతున్నట్టు. జయశ్రీకి వెంటనే అర్థమైంది. కొత్త ఇంట్లోనూ ఆ పిల్ల గది ఎంత ఇరుకంటే తలుపు తీస్తే మంచానికి తగులుతుంది. తనకంటూ కాస్త చోటు అడుగుతోంది, అందులో తప్పేముంది?

దానికి ఉపాయం ఆనింగ్. కారవాన్ పక్కకి ఆనించి వేసే గుడ్డ గది అది. పైన కప్పు, మూడు వైపులా గోడలు, జిప్పు తలుపు, ప్లాస్టిక్ కిటికీలు. నాలుగో గోడ కారవానే. మన ఇళ్లకి ముందు వైపు దించుకునే వసారా లాంటిదన్నమాట. ఆ పాత కారవాన్‌కి సరిపడే కొత్త ఆనింగ్ కావాలంటే బడులు తెరిచాక గానీ రాదన్నారు. జయశ్రీకి అంత ఓపిక లేదు. వాడిన సామాన్లు అమ్మే వెబ్‌సైట్లన్నీ గాలిస్తే కెర్రీ జిల్లాలో ట్రాలీ అనే ఊళ్లో ఒకటి కనిపించింది.

అమ్మే ఆవిడ పేరు నోరీన్. ఫోన్ చేస్తే మొదటి మాటే, "మీ కారవాన్ తీసుకురండి" అన్నది.

"ఆనింగ్ మడిచి ఇస్తే మా కారులో పట్టుకుపోతాం కదా" అన్నది జయశ్రీ.

"అలాగే ఒకాయనకి ఇచ్చాను. నెల తర్వాత బురదతో సహా తెచ్చి, సరిపోలేదని నా గుమ్మంలో పడేసి పోయాడు. నా పెరట్లో, నా కళ్ల ముందు నిలబెట్టండి. నిలబడితే మీది. మా పొలంలోనే రెండు రోజులు ఉండి పొండి, నేనేం అనను."

జయశ్రీకి ఆ షరతు భలే నచ్చింది. టెస్ట్ చేయకుండా ఏదీ బయటికి వదలకూడదన్నది ఆమె ఉద్యోగ ధర్మం కూడా. బట్టలు ఆరేసే తాడు తీసుకెళ్లి, కారవాన్ వెనక నేల దగ్గర మొదలుపెట్టి, పైకప్పు అంచు మీదుగా ముందు వైపు నేల దాకా పరిచి, ఆ పొడవు దగ్గర ముడి వేసింది. ఆనింగ్ కొలత అలాగే చూస్తారు. ఆ తాడు చుట్టి చేతి సంచిలో పెట్టుకుంది.

జులైలో ఒక శనివారం తెల్లవారగానే బయలుదేరారు. బండి నడిపింది జయశ్రీయే. వెనక కారవాన్ ఉంటే రఘువీర్‌కి స్టీరింగ్ పట్టుకోవాలంటే చెమటలు పడతాయి. లిమరిక్ దాటాక రోడ్డు సన్నబడింది. మలుపు మలుపుకీ ఆయన అద్దంలో వెనక్కి చూసుకుంటూ, "ఉందిగా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"ఉందండీ. తెగిపోతే చప్పుడు వచ్చిద్దిలే" అన్నది జయశ్రీ.

నోరీన్ ఇల్లు ట్రాలీ ఊరు దాటాక, సముద్రం గాలి తగిలే చోట ఉంది. ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. హాస్పిటల్ వంటింట్లో ముప్ఫై ఏళ్లు గరిట తిప్పి రిటైరైన మనిషి. సెలవు దొరికినప్పుడల్లా ఆనింగ్ వేసుకుని ఐర్లండ్ చుట్టూ ఉన్న తీరమంతా తిరిగింది. ఇప్పుడైతే ఏటా చెల్లెలితో కలిసి స్పెయిన్‌కి విమానం ఎక్కుతోంది. ఇక గడ్డిలో మోకాళ్ల మీద పాకే పని తనకొద్దని నవ్వుతూ చెప్పింది. షెడ్డులోంచి రెండు పొడవాటి సంచులు ఈడ్చుకొచ్చి గడ్డి మీద పడేసి, ఒక కుర్చీ తెచ్చుకుని, టీ కప్పుతో కూర్చుంది.

జయశ్రీ గుడ్డ సంచి విప్పింది. లోపలి నుంచి వచ్చిన వాసనకి ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. పాత కాన్వాసు, కాస్త బూజు, ఎండిన గడ్డి. నరసరావుపేటలో వాళ్ల నాన్న మధుసూదనరావు నడిపిన టెంట్ హౌస్ గోడౌన్ వాసన అచ్చంగా అదే. షామియానాలు, కనాతులు, మడత కుర్చీలు, అన్నం గంగాళాలు. బడి నుంచి రాగానే ఆమె పుస్తకాల సంచి ఆ గోడౌన్‌లోనే పడేసేది. చిరిగిన కనాతులకి మాసికలు వేయడం, ఊడిన ఝాలర్లు కుట్టడం పన్నెండేళ్లకే నేర్చుకుంది. కానీ పందిరి వేసే చోటికి మాత్రం నాన్న రానిచ్చేవాడు కాదు. "గుంజలెత్తే పని నీకెందుకమ్మా, నువ్వు చదువుకో" అనేవాడు. అన్న శౌరి లారీ ఎక్కి వెళ్తుంటే ఆమె గోడౌన్ గుమ్మంలో నిలబడి చూసేది. కుట్టిన గుడ్డ అంతా తన చేతి మీదుగా పోయిందే గానీ, అది లేచి నిలబడటం దగ్గరుండి చూసిందే తక్కువ.

"ఏంటి, నచ్చలేదా?" అని నోరీన్ అడిగింది.

"కాదు, కాదు. చాలా బాగుంది" అన్నది జయశ్రీ తేరుకుని.

ముందు గుడ్డంతా గడ్డి మీద పరిచి, అంచు పక్కన తాడు పెట్టి చూసింది. గుడ్డ జానెడు ఎక్కువ ఉంది. రఘువీర్ మొహం వేలాడేశాడు.

"ఎక్కువున్నా పరవాలేదండీ. నేల మీద మడత పడిద్ది. తక్కువుంటేనే ఏం చేయలేం" అన్నది.

ఆనింగ్ అంచు వెంట వేలంత లావు తాడు పెట్టి కుట్టి ఉంటుంది. కారవాన్ పైకప్పు అంచు చుట్టూ అల్యూమినియం గాడి ఉంటుంది. ఆ తాడును గాడిలో ఒక కొస నుంచి ఎక్కిస్తూ, పైకప్పు మీదుగా రెండో కొస దాకా లాగాలి. నిఖిల వెనక వైపు నిలబడి గుడ్డ అందించాలి, రఘువీర్ స్టూలు ఎక్కి లాగాలి, మధ్యలో జయశ్రీ తాడు సాఫీగా దూరేట్టు చూడాలి. మొదలుపెట్టారు. సగం దాకా చక్కగా వెళ్లింది. ముందు మూల వంపు దగ్గరికి రాగానే ఆగిపోయింది.

"ఆపండి, ఏదో పట్టేసింది" అన్నది జయశ్రీ.

రఘువీర్ అప్పటికే ఒక్క గుంజు గుంజాడు. చర్రుమని చప్పుడైంది. తాడు ఉన్న అంచు గుడ్డ నుంచి మూరెడు మేర ఊడి వచ్చేసింది. ఆయన స్టూలు మీదే బిగుసుకుపోయాడు.

"అయ్యో జయా, చూసుకోలేదు" అన్నాడు.

నోరీన్ కప్పు కింద పెట్టి లేచి వచ్చింది. ఊడిన చోట వేలు పెట్టి చూసింది. "పాతది కదా, దారం చివికిపోయింది. మీ తప్పేం లేదు. వదిలేయండి, దీన్ని నేను గడ్డి కుప్పల మీద కప్పుకుంటాను" అన్నది.

"పోనీలే జయా. సాయంత్రానికల్లా ఇంటికి పోదాం. ఇంకోటి దొరక్కపోద్దా" అన్నాడు రఘువీర్, దిగుతూ.

నిఖిల గుడ్డ కొస ఇంకా చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. జయశ్రీ ఆ పిల్ల వైపు చూసింది. రానన్న పిల్ల ఇంత దూరం వచ్చింది, పొద్దుటి నుంచి విసుక్కోకుండా చెప్పిందల్లా చేస్తోంది. దానికీ ఆశ ఉందన్నమాట.

"ఎక్కడికీ పోయేది లేదు. అంతా వెనక్కి లాగండి, మొదట్నుంచి చేద్దాం" అన్నది జయశ్రీ.

స్టూలు తనే ఎక్కింది. మూల దగ్గర గాడి పెదవులు లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి. ఎప్పుడో ఏ చెట్టు కొమ్మో తగిలి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో విప్పితే అల్యూమినియం చిట్లుతుందని, వంట సామాన్లలోంచి చెక్క గరిట తెప్పించింది. దాని కాడ ఆ సందులో దూర్చి, కొంచెం కొంచెంగా జరుపుతూ నొక్కుడు తెరిచింది. చాలాసేపు పట్టింది. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో గాడి పొడుగునా రుద్దితే పచ్చటి పాచి, చీమల మట్టి, ఎండిన ఆకులు బోలెడు రాలాయి. చివరికి తాడు సులువుగా జారాలని కొవ్వొత్తి ముక్కతో గాడంతా రుద్దింది.

"ఇప్పుడు దబ్బనం కావాలి" అన్నది తెలుగులో, తనలో తను.

"దబ్బనం అంటే?" అని నిఖిల అడిగింది. ఆ రోజు ఆ పిల్ల నోట వచ్చిన మొదటి తెలుగు ముక్క అది.

"పెద్ద సూది. గోనెసంచులు కుట్టేది."

నోరీన్‌కి ఇంగ్లిషులో చెబితే, ఇంట్లోకి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో గుర్రపు జీను కుట్టడానికి వాడే లావుపాటి సూదులు, మైనం పట్టించిన దారం ఉన్నాయి. అవి ఆవిడ తండ్రివట. జయశ్రీ కారవాన్ మెట్టు మీద కూర్చుని, గుడ్డ మోకాళ్ల మీదికి లాక్కుంది. అరచేతికి దెబ్బ తగలకుండా తోలు ముక్క అడ్డం పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. ముందుకి ఒక కుట్టు, వెనక్కి ఒక కుట్టు, మళ్లీ ముందుకి. ఇన్నేళ్ల తర్వాత వేళ్లకి గుర్తుంటుందో ఉండదోనని అనుకుంది గానీ, పది కుట్లు పడేసరికి ఆలోచించే పనే లేకుండా పోయింది. నిఖిల పక్కన కూర్చుని గుడ్డ బిగుతుగా పట్టుకుంది. రఘువీర్ అన్నం డబ్బాలు విప్పి పులిహోర పెట్టాడు. నోరీన్ ఒక చెంచా రుచి చూసి, చింతపండు సంగతి అడిగి, గిన్నె నింపుకుంది.

"ఇంత చేసి రేపు గాలికి చిరిగితే?" అన్నాడు రఘువీర్ మెల్లగా.

"ఈ కుట్టు చిరగదండీ. చిరిగితే పక్కన చిరగాలి."

ఆ మాటలో ఉన్న ధీమాకి ఆయన నవ్వేశాడు.

రెండోసారి ఎక్కించేటప్పుడు ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు లాగడానికి వీల్లేదని జయశ్రీ ముందే చెప్పింది. తను "ఆఁ" అంటే లాగాలి, "ఊఁ" అంటే ఆగాలి. నిఖిల అందిస్తోంది, రఘువీర్ లాగుతున్నాడు, జయశ్రీ స్టూలు జరుపుకుంటూ గుడ్డను దోవలో పెడుతోంది. "ఆఁ... ఊఁ... ఆఁ..." నోరీన్ కూడా కుర్చీలోంచి అందుకుంది. మూల వంపు వచ్చింది. తాడు ఒక్కసారి తడబడింది, తర్వాత వెన్నలో వేలు దిగినట్టు జారుకుంటూ వెళ్లిపోయింది.

"యెస్!" అని అరిచింది నిఖిల.

కానీ పని అక్కడితో అయిపోలేదు. గొట్టాల సంచి బోర్లిస్తే అన్నీ కలగలిసి పడ్డాయి. దేనికేదో తెలిపే రంగు బిళ్లలు ఎప్పుడో ఊడిపోయాయట. ఏది ఎక్కడ పెట్టాలో నోరీన్‌కీ సరిగ్గా గుర్తులేదు. "నాకు చేతులకి తెలిసేది, నోటికి తెలియదు" అన్నది. జయశ్రీ గొట్టాలన్నిటినీ పొడుగు వరసన గడ్డి మీద పేర్చింది. కొసన కొక్కెం ఉన్నవి కప్పుకి. కింద బిళ్ల పాదం ఉన్నవి నిలువు గుంజలు. రెండు కొసలా వంపున్నవి ముందు అడ్డం. మిగిలినవేంటో అవి నిలబడ్డాక అవే తెలుస్తాయని వదిలేసింది. ముందు మధ్య గుంజ, తర్వాత రెండు మూలలు. బిగించేయకుండా అన్నీ వదులుగా నిలబెట్టి, జిప్పులన్నీ వేసి, అప్పుడు మెల్లగా గుంజలు పొడిగిస్తూ వచ్చింది. ముడతలు పడిన గుడ్డ ఒక్కో వైపు నుంచీ సాగి, కప్పు లేచింది. కిటికీల్లోంచి కెర్రీ ఆకాశం లోపలికి వచ్చింది.

జయశ్రీ నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. ఎత్తుగా, నిటారుగా, నీలం చారలతో నిలబడి ఉంది. నరసరావుపేటలో ఎన్ని వందల పందిళ్లు లేచి ఉంటాయో, దేనికీ తను గుంజ పట్టలేదు. దీనికి మాత్రం మొదటి కుట్టు నుంచి చివరి గుంజ దాకా తనదే.

నాన్నకి వీడియో కాల్ చేసింది. అక్కడ రాత్రి భోజనాల వేళ. ఆయన కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి మొహం తెచ్చాడు.

"ఎవరు వేశారమ్మా?"

"నేనే నాన్నా. వీళ్లు పట్టుకున్నారు, నేను వేశా."

ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి చూపించమన్నాడు. చివరికి, "కప్పు బాగా లాగావు. కుడి వైపు మూల కొంచెం దిగినట్టుంది, చూసుకో" అన్నాడు. చూస్తే నిజంగానే దిగి ఉంది.

"ఎత్తుతా నాన్నా" అన్నది. తర్వాత మొహం తుడుచుకోవడానికన్నట్టు పక్కకి తిరిగింది. రఘువీర్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. జులైలో అక్కడ చాలాసేపటిదాకా వెలుతురు ఉంటుంది. టీ తాగి కప్పులు కడుగుతుండగా సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. అప్పటిదాకా వీచిన గాలి వేరు, ఇది వేరు. నోరీన్ తీగ మీద బట్టలు తీసుకోవడానికి పరుగెత్తింది. ఆనింగ్ ముందు గోడ ఒక్కసారి లోపలికి నొక్కుకుని, మళ్లీ ఫట్‌మని బయటికి పొంగింది. గాలి వచ్చే వైపు మూలలో గుడ్డ అంచుని నేలకి బిగించిన రెండు మేకులు భూమిలోంచి లేచి వచ్చేశాయి.

"జయా, దించేద్దాం!" అని అరిచాడు రఘువీర్, గుంజ పట్టుకుని వేలాడుతూ.

జయశ్రీ సుత్తి తీసుకుని మేకు మళ్లీ కొట్టబోయింది. జానెడు కూడా దిగడం లేదు, కింద ఖణేల్‌మని రాయి తగులుతోంది. పక్కకి జరిపి కొట్టింది. అక్కడా రాయే. ఒకప్పుడు ఆ మూలన పశువుల కొట్టం ఉండేదని, గడ్డి కింద అంతా రాళ్లే పరిచారని నోరీన్ గాలిలో కేకేసి చెప్పింది.

మామూలుగా అయితే దించడం తేలికే. కానీ ఇంత గాలిలో విప్పబోతే గుడ్డ తెరచాపలా ఎగిరి, గుంజలు వంగి, మనుషులకి తగిలే ప్రమాదం. అది జయశ్రీకి తెలుసు. సిమెంటు రోడ్ల మీద, మేకు దిగని చోట నాన్న మనుషులు పందిరి ఎలా నిలబెట్టేవాళ్లో గోడౌన్ గుమ్మంలోంచి ఆమె ఎన్నోసార్లు విని ఉంది. తిరిగొచ్చిన లారీలోంచి ఖాళీ డ్రమ్ములు దించుతూ వాళ్లు చెప్పుకునేవాళ్లు.

"నోరీన్, డ్రమ్ములున్నాయా? నీళ్లు పట్టేవి?"

"దూడలకి నీళ్లు పెట్టే పీపాలున్నాయి!"

"ఏవండీ, మీరు గుంజ వదలబాకండి. నిఖిలా, నాతో రా!"

తల్లీకూతుళ్లు రెండు ప్లాస్టిక్ పీపాలు దొర్లించుకొచ్చారు. గాలి వైపు మూలన ఒకటి, దానికి కాస్త ఎడంగా ఇంకొకటి నిలబెట్టారు. నోరీన్ నీళ్ల గొట్టం తెచ్చి కుళాయి తిప్పింది. పీపాలు నిండుతుండగానే జయశ్రీ బట్టల తాడు మడిచి రెండు పేటలు చేసి, గుంజ తల మీదుగా వేసి, పీపా నడుముకి చుట్టి లాగి ముడి వేసింది. లాగితే బిగిసే, వదిలితే జారని ముడి. రెండో పీపాకి ఇంకో తాడు. మళ్లీ గాలి వచ్చింది. కప్పు వణికింది, తాళ్లు ఝుమ్మన్నాయి, పీపాలు మాత్రం కదల్లేదు.

"నౌ యూ కెన్ లెట్ గో, నాన్నా" అన్నది నిఖిల.

రఘువీర్ ఒక్కో వేలూ విప్పుకుంటూ గుంజ వదిలాడు. వదిలాక కూడా కాసేపు చేతులు దాని చుట్టూనే పెట్టుకుని నిలబడ్డాడు. అది చూసి ముగ్గురు ఆడవాళ్లూ పగలబడి నవ్వారు. ఆఖరికి ఆయన కూడా నవ్వాడు.

వాన మొదలైంది. నలుగురూ ఆనింగ్‌లోకి దూరి, జిప్పు వేసుకుని కూర్చున్నారు. కప్పు మీద చినుకులు దబదబా పడుతుంటే ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. జయశ్రీ లేచి, కుట్టు వేసిన చోట లోపలి వైపు నుంచి అరచెయ్యి పెట్టి తడిమింది. పొడిగా ఉంది.

"నిలబడింది కదా" అన్నది నోరీన్ వైపు తిరిగి.

"నిలబడింది. ఇక నీదే" అన్నది నోరీన్. "నేను దీన్ని వాడినన్నాళ్లూ ఇంత గాలిలో ఎప్పుడూ ఉంచలేదు తెలుసా? ఎప్పుడో దించేసి కారులో కూర్చునేదాన్ని."

ఆ రాత్రి నిఖిల తన మడత మంచం ఆనింగ్‌లో ఏ మూల వేయాలో తేల్చుకోవడానికే చాలాసేపు తీసుకుంది. కిటికీ పక్కనా, తలుపు పక్కనా, అటా, ఇటా. చివరికి గాలి వైపు మూలన, ఆ పీపాలున్న వైపే వేసుకుంది. పొద్దున్నే జయశ్రీ కారవాన్ తలుపు తీసేసరికి పిల్ల దుప్పటి ముసుగు తన్ని పడుకుని ఉంది. కాళ్లు పూర్తిగా చాచి ఉన్నాయి.

ఆగస్టు బ్యాంక్ హాలిడే మూడు రోజుల సెలవుకి మళ్లీ కెర్రీకే వెళ్లారు. ఈసారి సముద్రం ఒడ్డున, బోలెడు కారవాన్లు వరసగా నిలిచే మైదానానికి. జానెడు ఎక్కువైన అంచుని జయశ్రీ ఈలోపే లోపలికి మడిచి కుట్టేసింది. గొట్టాలకి తనకి నచ్చిన రంగుల టేపు చుట్టుకుంది. టీ మరిగేలోపు ఆనింగ్ లేచి నిలబడింది. నిఖిల తనతో పాటు బడిలో చదివే స్నేహితురాల్ని కూడా తెచ్చుకుంది. లోపలి నుంచి వాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి.

అవతలి వరసలో ఎవరో కార్క్ నగరం మనిషి, ఆయన భార్య, కొత్త ఆనింగ్‌తో కుస్తీ పడుతున్నారు. గుడ్డ సగం ఎక్కి, సగం గాలికి కొట్టుకుంటోంది. ఇద్దరూ చెరో వైపు నుంచి లాగుతూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. రఘువీర్ కాసేపు చూసి, కుర్చీలోంచే చెయ్యెత్తి వాళ్లని పలకరించాడు.

"మా ఆవిడ వచ్చి చూస్తుంది, ఒక్క నిమిషం ఆగండి" అని ఇంగ్లిషులో కేకేసి, జయశ్రీ వైపు తిరిగాడు. "వెళ్లు జయా. పాపం, చించుకునేట్టున్నారు."

జయశ్రీ టీ కప్పు ఆయన చేతిలో పెట్టింది. జేబులో కొవ్వొత్తి ముక్క ఉందో లేదో తడుముకుని, గడ్డిలో నడుచుకుంటూ వెళ్లింది.

"ముందు అంతా బయటికి తీసేయండి. మొదట్నుంచి చేద్దాం" అన్నది వాళ్లతో.

ఆ కార్క్ ఆయన నిట్టూర్చాడు. ఆయన భార్య మాత్రం గుడ్డ కొస వదిలేసి, చేతులు దులుపుకుని, "థ్యాంక్ గాడ్" అన్నది.